రెండో చేతిలో కార్డు

ఎడమవైపు వరస అయిపోయింది. వర్షిణి గొంతుక్కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ఓ అడుగు పక్కకి జరిగి రెండో వరస మొదలుపెట్టింది. చీల్చి ఉప్పు పట్టించిన చేపలు పాత వల మీద బారులు తీరి ఉన్నాయి. రాత్రి కురిసిన మంచుకి కాస్త మెత్తబడ్డాయి. ఊరికే తోక పట్టుకుని లాగితే తోలు వలకి అంటుకుని చిరిగిపోతుంది. ముందు కిందనుంచి వేలు పోనిచ్చి విడదీసి, అప్పుడు తిరగెయ్యాలి. ఎండ తగలని పక్క పైకి రావాలి.

కార్తీకమాసం. ఊళ్ళో సగంమంది నీసు ముట్టరు. తండ్రి పోతయ్య పడవలో తెచ్చింది తల్లి నాంచారమ్మ బందరు బజారుకి మోసుకెళ్ళడం, అందులో సగం మళ్ళీ మోసుకురావడం, వచ్చినవన్నీ ఇలా వల మీదకి చేరడం. ఈ నెలంతా అంతే.

"కాకిని చూసుకోవే. నువ్వెక్కడో చూస్తూ కూర్చుంటే అది దాని పని చూసుకుపోద్ది," అంది నాంచారమ్మ గంప సర్దుకుంటూ. తర్వాత కాస్త ఆగి, కూతురి ముఖం చూడకుండా అడిగింది, "నీకు ఫోన్లో ఎరుపొస్తందంట? మీ క్లాసులో కృష్ణచైతన్య వాళ్ళమ్మ నడిబజార్లో నన్నాపి మరీ చెప్పింది. లెక్కలు నీకు బాగానే వచ్చేయి కదే."

వర్షిణి ఇంకో చేపని విడదీసింది. తోలు ఎక్కడా చిరగలేదు.

"వస్తాయమ్మా," అంది.

"వస్తే ఎరుపెందుకూ," అంటూనే నాంచారమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. జవాబు కోసం ఆగేంత పొద్దు ఆమెకి లేదు.

ఆ ఎరుపూ పచ్చా గొడవంతా రేవతి మేడంతో వచ్చింది. ఆవిడ దసరా సెలవుల తర్వాత బదిలీ మీద వచ్చారు. వచ్చిన కొద్దిరోజులకే ఎనిమిదో తరగతి కోసం నలభై కార్డులు తయారుచేసి పట్టుకొచ్చారు. అరచేతికన్నా కాస్త పెద్దవి, తడిసినా పాడవకుండా పైన ప్లాస్టిక్ అంటించినవి. ఒక్కోదాని మీద నల్లటి గళ్ళ బొమ్మ. ఏ రెండు బొమ్మలూ ఒకలా ఉండవు. నాలుగంచుల మీదా ఏ, బీ, సీ, డీ అని కంటికి ఆనీ ఆనకుండా చిన్న అక్షరాలు. గోడకున్న టీవీలాంటి ప్యానెల్ మీద మేడం ప్రశ్న పెడతారు. ఏ జవాబు సరైనదనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకోవాలి. మేడం తన ఫోను కళ్ళముందు పెట్టుకుని బెంచీల మీదుగా మెల్లగా తిప్పుతారు. అంతే. ఎవరికి వచ్చిందో పచ్చగా, ఎవరికి రాలేదో ఎర్రగా ఆవిడ ఫోన్లో తెలిసిపోతుంది. పిల్లలకి కనబడే ప్యానెల్ మీద మాత్రం రంగులుండవు. జవాబు అందినవాళ్ళ పేరు వెలుగుతుంది, అందనివాళ్ళ పేరు బూడిదరంగులో ఉండిపోతుంది.

తప్పు చెప్పినా ఎవరూ నవ్వరనీ, ఇది పరీక్ష కాదనీ, ఎక్కడ అర్థం కాలేదో తనకి తెలిస్తే రేపు అక్కడి నుంచే మళ్ళీ చెబుతాననీ మేడం మొదటిరోజే చెప్పారు. ఏడో తరగతి దాకా లెక్కల పీరియడంటే వేలు చూపించి లేపడం, లేచినవాడు నేల చూడడం తప్ప ఎరగని పిల్లలకి అది పండగలాగే ఉంది. వర్షిణికీ, తమన్నాకీ అయితే మరీను. ఇద్దరిదీ కిటికీ పక్కన ఆఖరి బెంచీ. కార్డులు పంచి మళ్ళీ పెట్టెలో సర్దే పని మేడం వర్షిణికి ఇచ్చారు. తమన్నా తన కార్డు మీద గళ్ళు చూసి అది రైలింజనంది. వర్షిణిది ఎండ్రకాయంది.

"నా ఇంజనెక్కి నీ ఎండ్రకాయ గుడివాడ వెళ్తుంది," అనేది తమన్నా. గుడివాడలో వాళ్ళ పిన్ని ఉంది. ఆ పిల్ల నాలుగుసార్లు రైలెక్కింది. వర్షిణికి రైలంటే సాయంత్రం చిలకలపూడి స్టేషన్ వైపు నుంచి వినబడే కూత మాత్రమే.

ఆ బెంచీలో ఆ పక్క చోటు ఇప్పుడు ఖాళీ.

తమన్నా వాళ్ళమ్మ షంషాద్ చిలకలపూడిలో ఇంటిదగ్గరే రోల్డుగోల్డు నగలకి రాళ్ళు అతుకుతుంది. షావుకారు గణపతి గారి కొట్టు నుంచి పని పళ్ళెంలో వస్తుంది, పని పూర్తయ్యాక పళ్ళెంలోనే వెళ్తుంది. పెళ్ళిళ్ళ సీజన్ మొదలవబోతుండగా ఒక పళ్ళెం వెనక్కొచ్చింది. కమ్మల్లో పచ్చరాయి ఉండాల్సిన చోట ఎర్రరాయి, ఎరుపు చోట పచ్చ. షంషాద్‌కి చూపు మందగిస్తోందని ఇంట్లోవాళ్ళకి తెలిసింది ఆ రోజే. సీజన్ మధ్యలో పళ్ళెం తిరిగిచ్చేస్తే ఆ కొట్లో ఇక మళ్ళీ పళ్ళెం దొరకదు. అది అక్కడి కట్టుబాటు. అందుకని తిరిగివ్వలేదు. పళ్ళెం ముందు తమన్నాని కూర్చోబెట్టారు. సీజన్ అయ్యేదాకానే అన్నారు.

తమన్నా రాని మొదటి రోజు వర్షిణి కార్డులు పంచుతూ రైలింజను దగ్గర ఆగిపోయింది. దాన్ని పెట్టెలో పడేయడానికి చేయి రాలేదు. కారణం అదే తరగతిలో చదివిన గిరీష్. గిరీష్ వాళ్ళ నాన్న కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువు కాపలాకి వెళ్తూ వాణ్ణీ తీసుకుపోయాడు. వాడి పేరు కొన్నాళ్ళు ప్యానెల్ మీద బూడిదరంగులో ఉంది. ఫోన్లో నలభై పేర్లకే చోటట. ఒక సోమవారం వాడి కార్డు కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో ఉంది. ప్యానెల్ మీద గిరీష్ లేడు. పేరు తీసి పేరు పెట్టడం మేడంకి రెండు వేళ్ళ పని. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ గిరీష్‌ని సరిగ్గా చూసిందే లేదు. కానీ ఆ తర్వాత తరగతిలో కూడా ఎవరూ గిరీష్ మాట ఎత్తలేదు. అది వర్షిణికి గుర్తుండిపోయింది.

ఆ రోజు ప్యానెల్ మీద పేర్లన్నీ వెలిగాక ఒక్కటే బూడిదరంగులో మిగిలింది.

"ఇంకా ఒకరున్నారు. ఎత్తండమ్మా," అన్నారు మేడం, ఫోను మీంచి చూపు తిప్పకుండానే.

వర్షిణి ఎడమచెయ్యి లేచింది. అందులో రైలింజనుంది. ప్యానెల్ మీద 'తమన్నా' అని వెలిగింది. ఆ వెలుగు చూస్తే, తమన్నా తలుపు తోసుకుని లోపలికొచ్చి 'జరగవే' అని పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

అప్పటినుంచి రోజూ రెండు చేతులూ లేస్తున్నాయి. పొద్దున్నే హాజరువేసే పిచ్చేశ్వరరావు మాస్టారికి తమన్నా రావడం లేదని తెలుసు, కానీ ఆయన లెక్కల పీరియడ్లోకి రారు. మేడంకి హాజరుతో పనిలేదు. ఆవిడకింకా ముఖాలు పట్టుబడలేదు. అందరి ముఖాల ముందూ కార్డులే. ప్యానెల్ మీద కూడా ఎవరి పేరు వాళ్ళు చూసుకోవడమే గానీ, నలభై పేర్లలో ఇంకొకరి పేరు వెతికేవాళ్ళు లేరు. ఆఖరి బెంచీ కాబట్టి వెనకనుంచి చూసేవాళ్ళూ లేరు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. మూడో బెంచీలో ఇద్దరు కుర్రాళ్ళ కార్డులు రోజూ ఒకేలా తిరుగుతున్నాయని మేడం ఫోన్లో చూసి పట్టుకున్నారు. తిట్టలేదు. చెరో బెంచీకి మార్చారు, అంతే. వర్షిణి లెక్కేసుకుంది. ఆవిడ తమని విడదీయడానికి వస్తే అక్కడ విడదీయడానికి ఒక్కతే ఉంటుంది. ఆ రోజు నుంచి రెండు కార్డులూ ఒకేలా తిరగకుండా చూసుకుంది. తనకి తెలిసిన జవాబు తమన్నాకి ఇచ్చేది. తన కార్డు ఇంకోవైపు తిప్పేది.

బుధవారం లెక్కల పీరియడు మొదలవగానే మేడం ఒక కబురు చెప్పారు. వచ్చేనెల గుడివాడలో పిల్లలకి లెక్కల పోటీ ఉంది. ఈ తరగతి నుంచి ఇద్దరు వెళ్ళచ్చు. తనే రైల్లో తీసుకెళ్ళి తీసుకొస్తారు. ఎవరినన్నది శనివారం చెబుతారు. ఇప్పటిదాకా ఎవరు ఎన్ని సరిగ్గా చెప్పారో ఫోన్లో ఉంది కాబట్టి ఒకరి మాటా సిఫార్సూ అక్కర్లేదన్నారు.

ముందు బెంచీలో కృష్ణచైతన్య వీపు నిటారైంది.

వర్షిణి ఖాళీ చోటువైపు చూసింది. రైలు. ఇద్దరు. ఇంతకన్నా అడగాల్సిందేముంది? తమన్నా కిటికీ పక్కన కూర్చుని అదిగో ఇదిగో అని పేరుపేరునా చూపించడం, తను అన్నిటికీ ఊఁ కొట్టడం. దారిలో కౌతవరం వస్తుందట. ప్లాట్‌ఫారం మీద ఏవో అమ్ముతారట. చెప్పిచెప్పి తమన్నా ఆ దారంతా వర్షిణికి కంఠతా వచ్చేలా చేసింది.

ప్యానెల్ మీద ప్రశ్న పడింది. ఒక నగ ధర ముందు పది శాతం పెంచి, ఆ పెరిగిన ధర మీద పది శాతం తగ్గిస్తే ఇప్పుడు దాని ధర ఎలా ఉంటుంది? ఏ, మొదటి ధరే. బీ, మొదటి ధర కంటే తక్కువ. సీ, ఎక్కువ. డీ, చెప్పలేం.

ఇది వేసవి సెలవుల్లో తమన్నా చెప్పింది. వాళ్ళ గుమ్మంలో కూర్చుని, మామిడికాయలు వరసగా పేర్చి, పెంచేటప్పుడు చిన్న కుప్ప మీద పెంచావు, తగ్గించేటప్పుడు పెద్ద కుప్ప మీద తగ్గించావు, మరి ఎక్కువ పోదూ అంది. వర్షిణి కుడిచేతిలో ఎండ్రకాయని బీ వైపు తిప్పింది. ఎడమచేతిలో ఇంజనుంది. తమన్నాకి రాదని ఎలా చూపిస్తుంది? చెప్పిందే ఆ పిల్ల. ఇద్దరికీ బీ పెడితే? నిన్న కూడా ఒకటి ఒకేలా పెట్టింది. మేడం ఫోను మొదటి బెంచీ దాటింది, రెండోది దాటింది. వర్షిణి ఎండ్రకాయని మళ్ళీ ఏ వైపుకి తిప్పేసింది.

రెండు పేర్లూ వెలిగాయి.

గంట కొట్టాక ఎర్రగా వచ్చినవాళ్ళని మేడం సాయంత్రం ఉండమన్నారు. అది రోజూ ఉన్నదే. బడి వదిలాక ఆ కొద్దిమందినీ ముందు బెంచీల్లో కూర్చోబెట్టి ఆవిడ మళ్ళీ మొదటినుంచి చెబుతారు. ఎంతో ఓపిగ్గా చెబుతారు. వర్షిణి బల్లకేసి వంగి, తనకి వచ్చిందే కొత్తగా వింటున్నట్టు ముఖం పెట్టి వింటుంది. అర్థమైందా అని మేడం వీపు మీద చెయ్యి వేసి అడిగితే తేలు కుట్టిన దొంగలా తలూపుతుంది.

అదివరకు ఆ వేళకి ఆమె తమన్నా వాళ్ళింట్లో ఉండేది. మొదటి రెండు రోజులు బడి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది. ఆ తర్వాతే ఈ ఎరుపు మొదలైంది. ఇప్పుడు బయటపడేసరికి ఎండ పల్చబడుతోంది. మంచు దిగేలోపు చేపలు ఎత్తి గంపల్లోకి సర్దకపోతే రోజంతా ఎండినదీ దండగ. చిలకలపూడి సందు మొదట్లో మాత్రం ఆమె కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. నగలకి మెరుగు పెట్టే షెడ్డు నుంచి మర తిరిగే చప్పుడు వస్తుంటుంది. తమన్నా వాళ్ళ నాన్న దస్తగిరి అందులోనే పనిచేస్తాడు. నాలుగిళ్ళ అవతల నీలం తలుపు. తలుపు ఓరగా తీసే ఉంటుంది, వెలుతురు కోసం. ఒక్క పరుగు తీస్తే చాలు. కానీ తమన్నా గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి రావడం ఎలాగో ఆమెకి చేతకాదు. వెళ్తే కూర్చోవాలి. కూర్చుంటే లేవబుద్ధి కాదు.

బళ్ళో ఆ పేరు వెలుగుతూనే ఉంది. ఆ పేరున్న మనిషే కనబడక ఎన్నాళ్ళో అయినట్టుంది. పేరు నిలబెట్టినందుకే మనిషి దూరమైందని వర్షిణికి ఆ సందు మొదట్లో రోజూ తెలుస్తోంది. అయినా మర్నాడు చెయ్యి లేపకుండా ఉండలేకపోతోంది.

శనివారం మధ్యాహ్నం పీరియడ్లో కార్డులు పంచనివ్వలేదు మేడం. పొద్దున పీరియడ్లోనే ఆఖరి ప్రశ్న అయిపోయింది. ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని బల్లకి ఆనుకుని నిలబడ్డారు.

"కృష్ణచైతన్య," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు లేచి, ఎవరో దండ వేయబోతున్నట్టు మెడ వంచి నిలబడ్డాడు.

"ఇంకొకరు తమన్నా. ఈ మధ్య అయితే ఒక్కటి కూడా తప్పలేదు. లేమ్మా, ఏదీ."

ఎవరూ లేవలేదు. మేడం తలెత్తి బెంచీల వైపు చూశారు. బహుశా ఆ తరగతిలో ఆవిడ ముఖాలు వెతకడం అదే మొదటిసారి.

"తమన్నా ఎవరమ్మా?"

"తమన్నా రావట్లేదు కదండీ మేడం," అన్నాడు కృష్ణచైతన్య, ఇంకా నిలబడే. "రాళ్ళు అతుకుతోందండీ ఇంట్లో. చాలా రోజులైందండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం ఫోను వంక చూశారు, మళ్ళీ బెంచీల వంక చూశారు. ఆవిడ బొటనవేలు అద్దం మీద పైకీ కిందకీ జరిగింది. ఈ పొద్దున్న జవాబు కూడా అందులో పచ్చగా ఉంది. వర్షిణి లేచి నిలబడింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

మేడం ఆమెని అందరి ముందూ ఏమీ అడగలేదు. పిల్లలకి లెక్కలిచ్చి, ఆఖరి బెంచీ దాకా నడిచొచ్చి, ఆ ఖాళీ చోట్లో కూర్చున్నారు. దగ్గరగా చూస్తే ఆవిడకి పెద్ద వయసేం లేదు. చీర కుచ్చిళ్ళకి సుద్దపొడి అంటి ఉంది. వర్షిణి అడిగినవాటికే జవాబు చెప్పింది. గిరీష్ సంగతి చెప్పింది. బెంచీలు మార్చిన కుర్రాళ్ళ సంగతి చెప్పింది. అయితే నీ కార్డు కావాలనే తప్పు తిప్పేదానివా అంటే తలూపింది. మేడం నోటుబుక్కు తీయించి, సాయంత్రాలు తను కూర్చోబెట్టి చెప్పిన లెక్కల్లోంచే రెండు ఇచ్చారు. వర్షిణి చేసేసింది. ఆవిడ ఆ అంకెల మీద వేలు పెట్టి వరసగా చూసుకుంటూ వచ్చారు.

"రోజూ నా ఎదురుగా కూర్చున్నావు. ఒక్కసారి నిన్ను అడిగి ఉంటే తెలిసిపోయేది," అన్నారు చివరికి. ఆ మాట వర్షిణితో అన్నట్టు లేదు. "సరే. గుడివాడకి నీ పేరు రాస్తాను. న్యాయంగా అది నీదే."

ఆ మాట వినడానికి ఏ పిల్లయినా ఎగిరి గంతేస్తుంది. వర్షిణికి రైలు కిటికీ కళ్ళముందు కనబడింది. కిటికీ పక్కన కృష్ణచైతన్య కూర్చుని ఉన్నాడు.

"ఆ కార్డు ఎవరికీ ఇవ్వద్దండీ మేడం," అంది.

మేడం ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. సోమవారం నాగాయలంక నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరుతోందనీ, ఫోన్లో నలభై కంటే పట్టవనీ, బడికి రాని పేరు ఉంచి వచ్చిన పిల్లని లేనట్టు చూడటం కుదరదనీ నెమ్మదిగా చెప్పారు. అదీ నిజమే. అప్పుడు మేడం పెట్టెలోంచి రైలింజను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"సోమవారం పొద్దున్న ఈ కార్డు తమన్నా తన చేత్తో పట్టుకుని వస్తే దానిదే. పోటీకి ఎవరిని తీసుకెళ్ళాలో, మీ ఇద్దరినీ నా ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలిచ్చి చూస్తాను. కృష్ణచైతన్య కూడా కూర్చుంటాడు, ముగ్గురిలో ఇద్దరు వెళ్తారు. నేను రేపు వాళ్ళింటికి వస్తానని చెప్పు. కానీ ముందు నువ్వెళ్ళు. నీ మాటే వింటారేమో."

ఆ సాయంత్రం ముందు బెంచీల్లో కూర్చునే పని లేదు. చేపల సంగతి తల్లి చూసుకుంటుందని, చూసుకోకపోతే తిడుతుందని, ఏదైతే అదవుతుందని వర్షిణి సందులోకి తిరిగింది.

నీలం తలుపు ఓరగా తీసే ఉంది. గుమ్మానికి దగ్గరగా, వెలుతురు పడే చోట చాప. చాప మీద స్టీలు పళ్ళెం, దాంట్లో రాళ్ళు పొదగని కమ్మలు వరసలుగా. పక్కన రెండు చిన్న గిన్నెలు, ఒకదాంట్లో ఎర్రరాళ్ళు, ఒకదాంట్లో పచ్చవి. తమన్నా వంగి కూర్చుని ఉంది. చేతిలో చివర మైనం ముద్ద పెట్టిన పుల్ల. కమ్మలో గుంటలన్నిటికీ ముందుగా సూదిమొనతో జిగురు చుక్క, తర్వాత పుల్లతో రాయిని తాకిస్తే అది మైనానికి అంటుకుని లేస్తుంది, గుంటలో ఆనించి పుల్ల కాస్త మెలితిప్పితే రాయి అక్కడ, పుల్ల ఇక్కడ. కన్ను ఆర్పేలోపు అయిపోతోంది. ఇంత తొందరగా ఎప్పుడు నేర్చుకుంది?

గోడవార షంషాద్ పూర్తయిన కమ్మల్ని జతలు కలిపి అట్టముక్కలకి గుచ్చుతోంది. ఆ పని వేళ్ళతో తడిమి చేయచ్చు.

"దారి గుర్తుందన్నమాట," అంది తమన్నా తలెత్తకుండా.

"సాయంత్రాలు బళ్ళో ఉంచేస్తున్నారే."

"తెలుసులే. ఎర్ర గుంపు. కృష్ణచైతన్య వాళ్ళ నాన్న మా అబ్బాతో చెప్పాడు. పది శాతం లెక్క కూడా తప్పు పెట్టావంట. మామిడికాయలు పేర్చి మరీ చెప్పాను కదే, తిన్నావు గానీ వినలేదా?" నవ్వుతూనే అంది గానీ గొంతులో నవ్వు లేదు. ఇంకో రాయి గుంటలో పడింది. "నేను లేకపోతే నీకు లెక్కలు కూడా రావన్నమాట."

"వచ్చు," అంది వర్షిణి.

"మరి?"

వర్షిణి సంచీలోంచి కార్డు తీసి పళ్ళెం పక్కన పెట్టింది. తమన్నా పుల్ల గాల్లో ఆగిపోయింది. మైనం చివర పచ్చరాయి వేలాడుతోంది.

"ఇంజను," అంది. "ఇంకా ఎవరికీ ఇవ్వలేదా?"

అప్పుడు వర్షిణి అంతా చెప్పింది. వరసగా చెప్పడం ఆమెకి రాదు. బెంచీల సంగతి ముందు చెప్పి, గిరీష్ సంగతి తర్వాత చెప్పి, మళ్ళీ మొదటికొచ్చింది. రెండు చేతులూ ఎలా ఎత్తేదో చూపించింది. పేరు వెలగ్గానే ఎలా ఉండేదో మాత్రం చెప్పలేకపోయింది. మేడం ఈ మధ్యాహ్నం గుడివాడ పోటీకి చదివిన రెండు పేర్లలో ఒకటి తమన్నాదని చెప్పినప్పుడు ఆ పిల్ల చెంప మీదకి ఎరుపు పాకింది.

"అన్నీ కరెక్టేనా? అన్నీ నాకే పచ్చ పెట్టేశావా?" అంది తమన్నా మెల్లగా. "ఒక్కటైనా తప్పు పెట్టాల్సింది కదే. నేనంత తెలివైనదాన్నేం కాదు."

"నువ్వు ఎలా తప్పు చేస్తావో నాకు తెలీదే."

పచ్చరాయి మైనం మీంచి జారి చాప మీద పడింది. తమన్నా వెతకలేదు.

సోమవారం సంగతీ, మేడం రేపు వస్తానన్న సంగతీ వర్షిణి షంషాద్ వైపు తిరిగి చెప్పింది. ఇంత పెద్దమాట పెద్దవాళ్ళతో అనడం ఆమెకి అలవాటు లేదు. "పంపించండత్తా," అని ఆపేసింది.

షంషాద్ అట్టకి ఇంకో జత గుచ్చింది. కోపం తెచ్చుకోలేదు. సీజన్ అవనీ అమ్మా, అయ్యాక నేనే చేయిపట్టుకుని తీసుకొస్తాను అంది. గణపతి గారు ఇచ్చిన పళ్ళెం ఇది, సగంలో వెనక్కిస్తే మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనివ్వరు, ఇరవై ఏళ్ళుగా ఆ పళ్ళెమే మా ఇంట్లోకి వచ్చిపోతోంది, నీకు తెలీదు అంది. అదేదో నచ్చజెబుతున్నట్టు కాక, ఎన్నోసార్లు తనకి తనే చెప్పుకున్న మాట పైకి అన్నట్టు ఉంది. తర్వాత చెయ్యి చాపింది.

"ఏదీ, అదిలా ఇవ్వు."

కార్డుని ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుంది. వెలుతురు వైపు తిప్పింది. అంచుల్ని బొటనవేలితో తడిమింది.

"మా అమ్మాయి పేరు ఇందులో ఎక్కడుంది?"

"పేరుండదత్తా. ఆ నల్లగళ్ళే. ఫోను చదువుకుంటుంది."

"బళ్ళో లేని పిల్లని ఉందని చదివిందా?"

"నేనెత్తాను కదత్తా."

షంషాద్ కార్డుని ఇంకోవైపు తిప్పింది. "మరి నీదేమైంది?"

"నాది ఎరుపు."

"తెలిసే పెట్టావా, తెలీక పెట్టావా?"

వర్షిణి చాప మీద పడ్డ పచ్చరాయిని వెతికి పచ్చవాటి గిన్నెలో వేసింది. సందు చివర షెడ్డులో మర ఆగింది. ఆ నిశ్శబ్దంలో స్టేషన్ వైపు నుంచి గుడివాడ బండి కూత సన్నగా వినిపించింది. తమన్నా తల అటువైపు తిరిగింది. ఎప్పుడూ తిరిగేదే. కూత అయిపోయేదాకా అలాగే ఉండి, తర్వాత పుల్లని గిన్నె వైపు దించింది.

షంషాద్ కూతుర్నే చూస్తోంది. ఆమెకి ఎంత కనబడుతోందో తెలీదు. రెండు గిన్నెల్నీ దగ్గరికి లాక్కుంది. ఒకదాంట్లోంచి ఒక రాయి, ఇంకోదాంట్లోంచి ఒక రాయి తీసి అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని కళ్ళు చికిలించి చూసింది. ఏది ఎరుపో ఏది పచ్చో అడగలేదు. చెయ్యి వంచి రెండిటినీ ఒకే గిన్నెలో వదిలేసింది.

కార్డుని తమన్నా ఒళ్ళో పెట్టింది. తమన్నా వేళ్ళ మధ్య నుంచి పుల్ల తీసుకుంది. జిగురు సీసాకి మూత బిగించింది. పూర్తయిన కమ్మల అట్టలు ఒకవైపు, కానివి ఒకవైపు, గిన్నెలు మధ్యలో, అన్నీ పళ్ళెంలో సర్ది పైన గుడ్డ కప్పి నాలుగు మూలలూ కిందకి దోపింది.

"అమ్మీ, ఇంకా సగం ఉంది," అంది తమన్నా.

షంషాద్ మేకుకున్న బురఖా తీసి వేసుకుంది. చెప్పుల కోసం కాలితో తడుముకుంటుంటే వర్షిణి లేచి దగ్గరికి జరిపింది. ఆమె వర్షిణి తల మీద అరచెయ్యి ఒక్క క్షణం ఆనించి తీసేసింది.

తమన్నా కుడిచెయ్యి ఇంకా పుల్ల పట్టుకున్నట్టే ఉంది. ఎడమచెయ్యి మాత్రం కార్డు మీద పడింది. కుడివైపు వెళ్తే బజారు, ఎడమవైపు వెళ్తే గణపతి గారి కొట్టు. షంషాద్ పళ్ళేన్ని రెండు చేతులా గుండెకి ఆనించుకుని, గడప దాటి ఎడమవైపు తిరిగింది.